అడగకుండా రాసిన పేరు

కొత్తగా మా శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, ఫోన్లు తీసి, గొర్రె చెవికి బిళ్ల కొట్టి దాని నంబరు ఎక్కించడం ఇప్పుడు ఎంత తేలికో నాకు చూపిస్తారు. "పొద్దున పోతే మధ్యాహ్నానికి ఊరు ఊరంతా అయిపోతది సార్" అంటారు. కానివ్వండి నాయనా, నేనూ అట్లా చేసినవాణ్ణే. నా వేగం గురించి చెబితే మీరు మెచ్చుకుంటారు. ఆ వేగం ఒక ఆడమనిషి మెడకు ఎట్లా చుట్టుకుందో ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇవ్వాళ చెబుతాను, మధ్యలో ఫోన్లు చూడకండి.

నేను డాక్టర్ని కాను. పశువుల డాక్టరు కింద పనిచేసే సహాయకుణ్ణి. సూదులు వేయడం, నట్టల మందు తాగించడం, పుస్తకాలు రాయడం నా పని. ఊళ్లలో మాత్రం అందరికీ డాక్టర్ సాబ్‌నే, నేనూ ఎన్నడూ కాదనలేదు. మాది చౌటుప్పల్ దగ్గరి ఊరు, వ్యవసాయం ఇల్లు. రెండెడ్లు, ఒక బర్రె తప్ప మా దొడ్లో గొర్రె అడుగుపెట్టింది లేదు. ఉద్యోగం మాత్రం చాలావరకు పాలమూరులో, గొర్రెల మందల మధ్యనే గడిచింది. నేర్చుకున్నదంతా అక్కడే నేర్చుకున్నాను. అంతా నేర్చేసుకున్నాననే పొగరు కూడా అక్కడే వచ్చింది.

గొర్రెలు పెంచే ప్రతి ఇంటికీ ఒక చెవి గుర్తు ఉంటుంది. పిల్ల పుట్టిన కొన్ని వారాలకు చెవిని కత్తితో ఒక తీరుగా కోస్తారు. ఒకరిది కుడి చెవి కొన కోత, ఇంకొకరిది ఎడమ చెవికి వెనక గాటు. వాగు దగ్గర నాలుగు మందలు కలిసిపోయినా చెవులు చూసి విడదీసుకుంటారు. నా పరిధిలోని ఊళ్ల గుర్తులన్నీ నాకు కంఠతా వచ్చు. బండి మీద పోతూ పోతూ ఫలానావాళ్ల మంద అని చెప్పేవాణ్ణి. "డాక్టర్ సాబ్‌కు మనకన్న ఎక్కువ తెల్సుర బయ్" అని కాపరులు నవ్వితే ఉబ్బిపోయేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి గొర్రె చెవికీ బిళ్ల కొట్టాలి, యజమాని పేరు పుస్తకంలో రాయాలి. ఇక మీద మందులైనా, రోగమొచ్చి చస్తే సాయమైనా ఆ పేరు మీదే వస్తాయి. నల్లమల అంచున, అమ్రాబాద్ పోయే దారిలో ఉన్న ఒక ఊరికి గురువారం వస్తానని చాటింపు వేయించాను. బుధవారం పక్క ఊళ్లో పని పదకొండు గంటలకే ముగిసింది. ఎట్లాగూ ఇంత దూరం వచ్చాం కదా, ఇది కూడా కానిచ్చేస్తే మరునాడు ఇంటిపట్టున ఉండొచ్చనుకున్నాను. చెప్పిన రోజుకు ఒకరోజు ముందే ఆ ఊళ్లో దిగాను.

ఊరి చివర కంప నాటిన పెద్ద దొడ్డి ఒకటుంది. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి మంద, తొంభై దాకా గొర్రెలు. తమ్ముడు ముంబయికి కూలికి పోయి అప్పటికి మూడేళ్లు. మొదటి ఏడాది ఫోన్లు చేశాడట, తర్వాత ఆ ఫోనే మోగలేదు. అన్న దొడ్డి దగ్గరే ఉన్నాడు. ఒక్కొక్క గొర్రెనూ కాలు పట్టి లాగి తల వంచి ఇచ్చాడు. నేను చెవి చూశాను. అన్నిటికీ ఒకటే గుర్తు, కుడి చెవి కొన కోత, కింద చిన్న గాటు. బిళ్ల మీద బిళ్ల కొట్టుకుంటూ పోయాను. "పేరు?" అన్నాను. ఆయన తన పేరు చెప్పాడు. తొంభై గొర్రెలకూ ఆ ఒక్క పేరే రాసి, వేలిముద్ర తీసుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. ఆ తమ్ముడికి ఒక భార్య ఉందని నాకు తెలుసు. ఆ మందను ఆయనతో వంతులేసుకుని మేపుతుందనీ తెలుసు. నేనే ఆమెను రెండుసార్లు ఎండలో మంద వెనక చూశాను. కానీ ఆ పూట ఆమె సంగతి నా బుర్రలోకే రాలేదు.

మూడు వారాల తర్వాత ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులు గడప అవతల విడిచి గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, మా మంద మొత్తం మా బావ పేరు మీద రాసిన్రట?"

"అవునమ్మా. చెవి గుర్తు ఆయనదే కదా."

"చెవి ఆయన కోసిండు సారూ. ఇల్లు ఒక్కటి, కత్తి ఒక్కటి, ఎవరు కోస్తే ఏందనుకున్న. మా బాపు నాకిచ్చిన ఎనిమిది గొర్రెలకు పుట్టినయి గవి. ముప్పై నాలుగున్నయి నాయి."

"మరి ఆ రోజు ఉండి చెప్పాలి కదమ్మా?"

ఆమె ఒక్కసారి నా మొహంలోకి చూసింది. "బేస్తవారం వస్తమని మీరే చాటింపేసిన్రు. నా బిడ్డను పాలమూరుల హాస్టల్ల చేర్పియ్యాలె. బేస్తవారం మీరొస్తరని, ఒకరోజు ముందుగాలనే తోలుకపోయిన. బుధారమే వచ్చి పోతరని నాకెట్ల ఎరుక?"

జవాబు లేనప్పుడు ఆఫీసు మనిషి చేసేదే నేనూ చేశాను, గొంతు పెంచాను. రాసింది రాసినట్టే ఉంటుందని, ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోవాలని అన్నాను. ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

"బావ ఏమంటున్నడో తెల్సునా సారూ? గొర్రెలు నాయే, నువ్వు మేపు, కూలి ఇస్త అంటున్నడు. నా గొర్రెలకు నేను కూలిదాన్నయిన. మా ఆయన ఉన్నడో లేడో తెల్వదు. బొట్టు తుడ్వనీకి లేదు, మొగడున్నడని చెప్పుకోనీకి లేదు. ఆ గొర్రెలే నాకు ఆసర. నా బిడ్డ చదువు గూడ గవే. జర మీరే చూడాలె."

చూస్తానన్నాను. ఆమె చెప్పులేసుకుని బస్సు కోసం పోయింది.

మా అటెండరు అంతా విన్నాడు. ఆయన గొర్రెల ఇంట్లో పుట్టినవాడు, నాకన్నా పెద్ద. సూదులు ఉడకబెట్టే గిన్నె దించుతూ నెమ్మదిగా అన్నాడు. "సార్, ఇన్నేండ్లు గొర్రెల నోట్ల మందు పోసిన్రు. గింత తెల్వదా? తల్లి గొర్రె ఎవరిదైతే పిల్ల గూడ వాళ్లదే. పొట్టేలు ఎవరిదైన కానీ, చెవి ఎవరు కోసినా కానీ. చెవి కోసుడు మంద కలిసిపోకుండ చూసుకునేటందుకే. మా దాంట్ల ఆడిబిడ్డకిచ్చిన గొర్రెలు, వాటి పిల్లలు, పిల్లల పిల్లలు అన్నీ ఆ బిడ్డవే. చిన్న పోరగాడినడిగినా చెప్తడు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. చెవులన్నీ కంఠతా వచ్చిన నేను, ఆ ఒక్క సంగతి ఎన్నడూ ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందనే తట్టలేదు.

డాక్టరుతో చెప్పాను. ఆయన నాకన్నా చాలా చిన్న, మంచివాడే, కాకపోతే కాగితమంటే హడల్. "పైకి పంపిన జాబితా మార్చితే ఎందుకు మార్చారని అడుగుతారు. తప్పు ఎవరిదని అడుగుతారు. మీ ప్రమోషన్ ఫైలు కదులుతోంది కదా. వాళ్ల పంచాయితీ వాళ్లే తెంపుకుంటారు లెండి" అన్నాడు. నాకూ ఆ మాటే కావాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు ఆ పుస్తకం తెరవలేదు. పిల్లలూ, నేను చేసిన మొదటి తప్పు తొందర. దాన్ని మనుషులు క్షమిస్తారు. ఈ రెండో తప్పుకు మాత్రం నేను ఇప్పటికీ నన్ను క్షమించుకోలేదు. ఆ రెండు నెలల్లో ఆ బావ సంతకు ఏడు గొర్రెలను తోలి అమ్మేశాడు. అందులో రెండు చూడి గొర్రెలు. ఏడూ ఆమెవే. ఆమె దొడ్డికి పోవడం మానేసి పత్తి చేలకు కూలికి పోతోందని అటెండరే చెప్పాడు. చెప్పి, టీ గ్లాసు నా ముందు కాస్త గట్టిగానే పెట్టి పోయాడు.

ఆమె తండ్రి కులపెద్దలను పట్టుకుని పంచాయితీ పెట్టించాడు. నన్ను పుస్తకంతో సహా రమ్మని కబురు వచ్చింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "వాళ్లు చెప్పిన సమాచారం ప్రకారం రాశామని చెప్పి వచ్చేయండి. ఒక్క మాట ఎక్కువ వద్దు" అన్నాడు. దారి పొడుగునా ఆ ఒక్క వాక్యాన్నే లోపల అనుకుంటూ బండి నడిపాను.

మంద మేతకు పోకముందే, పొద్దున్నే దొడ్డి దగ్గర కూర్చున్నారు. నలుగురు పెద్దలు గొంగళ్లు పరుచుకుని కూర్చున్నారు. ఊరివాళ్లు చుట్టూ నిలబడ్డారు. బావ ముందుగానే అందుకున్నాడు. "చెవి నాది. సర్కారు పుస్తకంల పేరు నాది. ఇంకేం పంచాయితి? తమ్ముడొస్తే తమ్మునికి చెప్పుకుంట. ఈమెకెందుకు చెప్పాలె?"

పెద్దల్లో అందరికన్నా ముసలాయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఊళ్లో చాలామంది అదే చూడటానికి వచ్చినట్టున్నారు. ఆమె కొంగు నడుముకు చుట్టి, కంప తప్పించి దొడ్డి లోపలికి పోయింది. ఒక గొర్రెను వెనక కాలు పట్టి ఆపింది.

"ఇది మా బాపు ఇచ్చిన బొల్లిదాని మనుమరాలు. దీని తల్లి పోయిన వానకాలం చిటుకు రోగానికి సచ్చింది. గప్పుడు దీనికి నెల గూడ నిండలే, సీసతోని పాలు తాపి సాదిన." దాన్ని ఒక పక్కకు తోలింది. ఇంకొకదాన్ని పట్టింది. "ఇది నల్లదాని బిడ్డ. దీని అక్కను మొన్న సంతకు తోలిండు." ఇంకొకటి. "ఇది కుంటిదాని బిడ్డ బిడ్డ. తల్లికున్నట్టే దీనికి గూడ ఒక్క రొమ్ముల పాలు రావు, సూడుండ్రి కావాలంటే." పెద్దల్లో ఒకాయన లేచి నిజంగానే పొదుగు పిండి చూశాడు. ఒక వైపు పాలు రాలేదు. ఆయన చేయి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

ఒక్కొక్కటే చెబుతూ పోయింది. ఎనిమిది తల్లులు, వాటి బిడ్డలు, బిడ్డల బిడ్డలు. ఏది ఏ ఏట ఈనింది, ఏది కవల పిల్లలను ఈనింది, ఏది అమ్రాబాద్ అడవిలో తప్పిపోయి రెండు రోజులకు దొరికింది. గొర్రెలు ఒక్కటే అరుపు. ఆమె గొంతు మాత్రం సంతలో బియ్యం కొలిచే మనిషి గొంతులా ఒకే తీరుగా సాగింది. బాగా బలిసిన ఒక గొర్రెను చుట్టూ ఉన్న ఆడవాళ్లు చూపించి, "అది గూడ నీదే గదనే?" అన్నారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "కాదు. దాని తల్లి మా అక్కది, బావ పెండ్లాముది. నాది కాదు." ఆ మాటకు బావ తల దించుకున్నాడు.

ఇరవై ఏడు గొర్రెలు ఒక పక్కకు చేరాయి. "ఏడు లేవు. అవి ఏవేవో గూడ చెప్పమంటే చెప్త" అని, కాళ్లకు అంటిన పెంట దులుపుకుని నిలబడింది.

ముసలాయన నా వైపు చూశాడు. "డాక్టర్ సాబ్. నువ్వు పేరు రాసినప్పుడు గీ పిల్ల ఈడ ఉన్నదా?"

వాళ్లు చెప్పిన సమాచారం ప్రకారం రాశాం. ఆ వాక్యం నాలుక చివరనే ఉంది. చంకలో పుస్తకం చెమటకు తడిసిపోయింది. ఆమె నన్ను చూడటం లేదు. నా నుంచి ఏమీ ఆశించడం మానేసి చాలా రోజులైనట్టు, తన గొర్రెలను చూస్తోంది. నాకు సిగ్గేసింది. నా జన్మలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

"లేదు" అన్నాను.

"ఎవలనన్న అడిగినవా?"

"అడగలేదు. గురువారం వస్తానని చెప్పి బుధవారం వచ్చాను. చెవి చూసి రాశాను. నేను రాసింది తప్పు. రెండు నెలల కిందనే ఆమె వచ్చి చెప్పింది, అయినా దిద్దలేదు. అది ఇంకా పెద్ద తప్పు."

ముసలాయన గొంగడి దులుపుకుంటూ, "సర్కారోడు తప్పని ఒప్పుకునుడు ఇన్నేండ్లల్ల గిప్పుడే చూస్తున్న" అన్నాడు. నలుగురు నవ్వారు, నేను తప్ప. తీర్పు చిన్నదే. ఇరవై ఏడూ ఆమెవి, దొడ్డి వేరు, గుర్తు వేరు. అమ్మిన ఏడింటికీ బదులు బావ తన మందలోంచి ఇవ్వాలి. మూడు ఇచ్చాడు. తక్కిన నాలుగు ఇవ్వలేదు, ఆమె మళ్లీ అడగలేదు.

అక్కడే నేల మీద కూర్చుని పుస్తకం దిద్దాను. కొట్టివేసిన ప్రతి చోటా సంతకం చేశాను. అయిపోయాక ఆమెతో, "తప్పయిందమ్మా" అన్నాను. పర్వాలేదు సారూ అంటుందని ఎదురుచూశాను. అనలేదు. "ఆ రెండు చూడి గొర్రెలు మంచియి సారూ" అని మాత్రం అంది. ఇంతకాలమైనా ఆ మాట నన్ను వదలలేదు.

నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ ఫైలు ఎక్కడో ఆగింది, ఆగినచోటే ఉండిపోయింది. చేరిన ఉద్యోగంలోనే రిటైరయ్యాను. అటెండరు మాత్రం ఆ మరునాడు నాకు చక్కెర ఎక్కువేసి టీ ఇచ్చాడు.

ఆమె తన గొర్రెలకు కొత్త గుర్తు పెట్టుకుంది, ఎడమ చెవి మీద తానే కోసింది. ఆ ఎండాకాలం మందలు అమ్రాబాద్ దిక్కుకు కదిలేటప్పుడు తానూ పోతానంది. "ఆడమనిషి మంద తోలుకపోవుడేంది?" అని గోల చేశారు. తండ్రి వెంట వెళ్లాడు ఆ ఒక్క ఏడు. మరుసటి ఏడు ఆయనకు మోకాళ్లు పట్టేస్తే, ఇంకో రెండిళ్ల కాపరులతో కలిసి ఆమే పోయింది. అడవిలో ఒక వానకు పదకొండు గొర్రెపిల్లలు చచ్చాయి. ఆ ఏడాది హాస్టల్‌కు బిడ్డను చూడటానికి పోతే, చేతిలో పండ్లు కూడా లేకుండా పోయానని తర్వాతెప్పుడో చెప్పింది. అంతా సాఫీగా నడిచిందని మీరనుకోవద్దు. కానీ మంద నిలబడింది. సూది వేయడం నా దగ్గరే నేర్చుకుంది, నా చేయి కన్నా ఆమె చేయే తేలిక. ఏ నెలలో ఏ టీకా వేయాలో మా ఆఫీసు మరిచిపోయినా ఆమె మరిచిపోయేది కాదు. "సారూ, వానలు దగ్గరపడ్డయి, సూదులు వచ్చినయా?" అని ఫోన్ చేసేది. బిడ్డ పదో తరగతి దాటింది, ఇంటర్ దాటింది, ఇప్పుడు పాలమూరులోనే డిగ్రీ చదువుతోంది. గొర్రెలు వంద దాటాయి.

రిటైర్‌మెంటుకు నెల ముందు ఆ ఊరికి చివరిసారి పోయాను. చాటించిన రోజునే పోయాను. ఆమె దొడ్డి దగ్గర ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చంకలో పాలు తాగే బిడ్డ. ఎవరని అడిగాను.

"మా బావ బిడ్డ సారూ. అత్తగారింట్ల మొగడు ఉంచుకోలే, పసిబిడ్డతోని వెళ్లగొట్టిండు. వచ్చి ఆరు నెలలాయె."

ఆమె మందలోకి పోయి ఐదు గొర్రెలను ఏరింది. మంచివే ఏరింది, అందులో రెండు చూడివి. బావ దొడ్డి బయటే ఉన్నాడు. చాలా ముసలివాడైపోయాడు. ఆమె కత్తి తీసుకుని పిలిచింది.

"బావా, జర వచ్చి తలకాయలు పట్టు. నీ బిడ్డ గుర్తు వేరే కొయ్యాలె."

ఆయన వచ్చాడు. ఒక్కొక్క గొర్రె తలనూ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె ఒక్కొక్క చెవినీ కోసింది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. మేమెవరం చూడనట్టే ఉన్నాం. నేను బిళ్లలు కొట్టి పుస్తకం తెరిచాను. ఆమె ఆ పిల్లను భుజం పట్టి నా ముందుకు తెచ్చింది. "సారూ, గీ గొర్రెలు ఈ పిల్లవి. పేరు నేను చెప్ప, వాళ్ల బాపు చెప్పడు. దాన్నే అడుగుండ్రి."

"నీ పేరేంటమ్మా?" అన్నాను.

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది, చిన్నమ్మ వైపు చూసింది. బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని, నాకు వినపడేటట్టు గట్టిగా చెప్పింది. నేను రాశాను.